ముందు దారి పట్టుకోండి, తర్వాతే బోను పెట్టండి

మడతపెట్టిన పట్టుచీరని ఎలుక ఒక్కచోట కొరికితే ఎన్ని చిల్లులు పడతాయో తెలుసా? ఎనిమిది. లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. పై పొర నుంచి కింది పొర దాకా ఒకే చోట కొరుక్కుంటూ పోయింది మహాతల్లి. విప్పి చూస్తే అంచుకి జానెడు పైన, స్కేలు పెట్టి గుర్తులు పెట్టినట్టు, సమానమైన ఎడంతో ఎనిమిది చిల్లులు. ఫాల్ వేయమని ఇచ్చిన చీర అది. నాలుగు రోజుల్లో పెళ్లి.

మాది తెనాలి శివారు. ముందుగదిలో నా మిషన్, వెనక రెండు గదులు పాత పెంకుటిల్లు, వంటిల్లు మాత్రం తర్వాత వేసుకున్న స్లాబు. రోడ్డు దాటితే వరిచేలు. కోతలయ్యాయంటే చేలో గింజ దొరకదు, ఎలుకలన్నీ ఇళ్ల దారి పడతాయి. ఇది 2019 డిసెంబరు మాట. చీర ఖరీదు 6,800 రూపాయలు. రఫూ చేయించి ఇస్తానన్నా ఆవిడ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. మూడు విడతలుగా కట్టాను.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను చేసినవన్నీ తప్పుడు పనులే. బజారులో ఎవరేం చెబితే అది కొనుక్కొచ్చాను. నాఫ్తలీన్ ఉండలు, జిగురు అట్టలు, ప్లగ్గులో పెట్టే యంత్రం, ఎర కేకులు. కొండని తవ్వి ఎలుకని పట్టారంటారు కదా, నేను కొండ తవ్వాను గానీ ఎలుకని మాత్రం పట్టలేదు. చివరికి పని జరిగింది పది రూపాయల ముగ్గుతోనూ, పిల్లల పెన్సిలుతోనూ, ఒక బస్తా సిమెంటులో పావువంతుతోనూ. అది ఎలాగో చెబుతాను.

ముందు మీ ఇంట్లో ఉన్నదెవరో చూడండి

అన్నిటినీ ఎలుక అనేస్తాం గానీ, వచ్చేది ఒకటే రకం కాదు. రకాన్ని బట్టి పని మారుతుంది. దాన్ని కళ్లారా చూడక్కర్లేదు, పెంటికలు చూస్తే చాలు.

జీలకర్ర గింజంత, రెండు కొసలూ మొనదేలి ఉంటే చిట్టెలుక. ఇవి చాలా పడతాయి, ఒక్క ఎలుకే రోజుకి యాభై దాకా వేస్తుంది. అందుకని డబ్బాల వెనక బోలెడు కనబడ్డాయని ఇంట్లో వంద ఎలుకలున్నాయని కంగారు పడకండి. అర అంగుళం పొడవుండి లావుగా ఉంటే పెద్ద ఇంటి ఎలుక. అది ఎక్కువగా అటక మీద, దూలాల మీద తిరుగుతుంది. రాత్రి పైన ఎవరో గోళీలు దొర్లించినట్టు చప్పుడైతే అదే. పెరట్లో గోడ పక్కన మట్టి కుప్పలుగా తవ్విపోసి, పిడికిలి పట్టేంత కన్నం ఉంటే పందికొక్కు. ఇంగ్లీషువాళ్లు బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే తీసుకున్నారట. మాట తీసుకెళ్లారు, జంతువుని మాకే వదిలేశారు.

నాలుగోది చుంచు. మూతి సూదిగా ముందుకి పొడుచుకొచ్చి, కళ్లు ఉన్నాయా లేవా అన్నట్టుండి, కిచకిచమంటూ గోడ వారనే పరిగెత్తుతుంది. వెళ్లిన దారంతా కంపు. ఇది అసలు ఎలుక జాతే కాదు. తినేది బొద్దింకల్ని, పురుగుల్ని. మీ బియ్యంతోనూ నా బట్టలతోనూ దానికి పెద్దగా పనిలేదు. చుంచు కనబడిందని మందు పెట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, చుంచు మీద. తలుపు తీసి చీపురుతో బయటికి అదిలించండి, చాలు.

మా ఇంట్లో ఎక్కువగా కనబడ్డవి జీలకర్ర గింజలు. అంటే చిట్టెలుక. ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా దాని గురించే.

ముగ్గు చల్లిన రాత్రి

ఎలుకకి చూపు అంతంతమాత్రం. మీసాలు గోడకి ఆనించుకుంటూ, రోజూ ఒకే దారిలో తిరుగుతుంది. నట్టింట్లోంచి అడ్డంగా పరిగెత్తేది మీరు లైటు వేసి బెదరగొట్టినప్పుడే. ఆ దారి ఏదో తెలియకుండా బోను పెట్టడమంటే బస్సు రాని రోడ్డు మీద బస్టాపు కట్టడమే.

దారి ఎలా తెలుస్తుంది? మా నాన్న చేను కౌలుకి చేసేవారు. నా చిన్నప్పుడు చేలో ఎలుకలు పట్టడానికి ఒక యానాది పెద్దాయన వచ్చేవాడు. గట్టు మీద యాభై కన్నాలుంటే ఏది తవ్వాలో ఆయనకి తెలిసేది. సాయంత్రం అన్ని కన్నాలూ తడిమట్టితో మూసేసి వెళ్లిపోయేవాడు. పొద్దున వచ్చి, ఏవి తెరుచుకున్నాయో వాటి జోలికే వెళ్లేవాడు. మూసినవి మూసినట్టే ఉంటే అవి ఖాళీ ఇళ్లు. ఆ ఉపాయం నాకు నలభై ఏళ్లకి గుర్తొచ్చింది, ఇంట్లో మట్టికి బదులు ముగ్గు వాడాను.

బియ్యప్పిండి ముగ్గు వద్దు, అది వాళ్లకి విందుభోజనం. రాతి ముగ్గు తీసుకోండి. టీ వడగట్టే జల్లెడలో వేసి, పడుకునే ముందు గోడల వారన, బియ్యం డ్రమ్ము చుట్టూ, సింకు కింద, గుమ్మాల దగ్గర పల్చగా చల్లండి. మందంగా చల్లితే అడుగు కనబడదు, నేల కనబడీ కనబడనట్టుండాలి. ఫ్యాను ఆపేయండి. పొద్దున్నే ఎవరూ తొక్కకముందు లేచి టార్చిలైటు నేలకి ఆనించి పక్కనుంచి వేయండి. పైనుంచి వేస్తే ఏమీ కనబడదు, పక్కనుంచి వేస్తే చిన్న గుంట కూడా నీడ పడుతుంది. ముందుకాలికి నాలుగు వేళ్లు, వెనకకాలికి అయిదు. ఎక్కడన్నా తోక ఈడ్చిన సన్నగీత.

మా ఇంట్లో మొదటి రాత్రే మూడు దారులు బయటపడ్డాయి. ఒకటి సింకు గొట్టం గోడలోకి పోయే చోటు నుంచి స్టవ్వు గట్టు కిందికి. రెండోది అక్కడినుంచి గోడ వారనే వచ్చి, వంటింటి తలుపు కింద సందులోంచి ముందుగదిలోకి. మూడోది, నా గుండె జారిపోయిన దారి, తిన్నగా నా మిషన్ బల్ల కిందికి.

ఇంకో దారి కూడా బయటపడింది. మంచం దగ్గర నుంచి బెల్లం డబ్బా దాకా, మళ్లీ మంచం దాకా, అయిదు వేళ్ల మనిషి పాదం. మా అత్తయ్యకి షుగరు. రెండు నెలలుగా బెల్లం తరుగుతోంది, అదీ ఎలుకల ఖాతాలోనే రాస్తున్నాం. నేనేమీ అనలేదు. డబ్బా పై అరలోకి మార్చాను, అంతే.

ముగ్గు చల్లడం కుదరని చోట గోడ చూడండి. ఎలుక ఒంటి జిడ్డు, మురికి అంటి, నేలకి అంగుళం పైన నల్లటి చార ఉంటుంది. వేలితో రాస్తే జిడ్డుగా తగిలితే అది నడుస్తున్న దారి. బూజు పట్టి ఉంటే పాతది.

గూడు నా దగ్గరే ఉంది

మిషన్ బల్ల కింద ఒక గోనెసంచి ఉండేది. కటింగులో మిగిలిన గుడ్డముక్కలన్నీ అందులో పడేసేదాన్ని, దిండ్లలోకి, బొంతల్లోకి పనికొస్తాయని. ఆ సంచి పెరట్లోకి లాగి బోర్లించాం. మధ్యలో కొబ్బరికాయంత ఉండ. నూలు, లైనింగు, బ్రౌన్ పేపరు, అన్నీ దువ్వెనతో దువ్వినట్టు సన్నగా చీల్చి చుట్టింది. మూడు నెలల కిందట పోయిందని ఇల్లంతా వెతికిన మెజంటా లైనింగు ముక్క కూడా అందులోనే ఉంది. విప్పితే లోపల అయిదు పిల్లలు, కళ్లు తెరవనివి, మన చిటికెనవేలి కొసంత. నిజం చెప్పాలంటే ఆ గూడు కట్టిన పనితనం చూసి ఒక్క నిమిషం అలా నిలబడిపోయాను. నా కుట్టు అంత ముద్దుగా ఉండదు.

అప్పుడర్థమైంది నా తప్పు. నేను వంటిల్లు తుడిచి తుడిచి చంపుకుంటున్నాను, కాపురం పెట్టింది నా గుడ్డసంచిలో. చిట్టెలుకకి తిండి రోజుకి మూడు గ్రాములుంటే చాలు. మీరెంత తుడిచినా స్టవ్వు కింద అంత దొరుకుతుంది. నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదు, తినేదాంట్లో ఉన్న తడితో గడిపేస్తుంది. కానీ పిల్లల్ని పెట్టాలంటే వెచ్చటి, కదపని చోటు కావాలి. చిట్టెలుక ఇరవై రోజులకే ఈనుతుంది, కాన్పుకి అయిదారు పిల్లలు, ఆ పిల్లలు నెలన్నర తిరక్కుండానే ఈడుకొస్తాయి. మీరు బోనులో వారానికొకటి పడుతూ కూర్చుంటే వాటి లెక్కే ముందుంటుంది.

కాబట్టి ఇంట్లో ఆర్నెల్లుగా కదపనిదేముందో చూడండి. పాత పేపర్ల కట్ట, అటక మీద పరుపు, చలికాలం దుప్పట్ల మూట, ఫ్రిజ్జు అట్టపెట్టె (ఊరు మారితే పనికొస్తుందని ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఎవరూ మారరు), బొమ్మలకొలువు పెట్టె. బట్టలైతే గట్టిగా మూతపడే ప్లాస్టిక్కు డబ్బాల్లోనో, ట్రంకుపెట్టెలోనో. సంచీ, అట్టపెట్టె ఎలుకకి తలుపు కాదు, ఫలహారం. నేను ఇప్పుడు ముక్కలు శనివారం శనివారం బొంతలు కుట్టేవాళ్లకి ఇచ్చేస్తాను. గంజి పెట్టిన నూలుచీరలు రాత్రి బల్లమీద వదలను.

తిండి సంగతి అందరికీ తెలిసిందే, పొడిగించను. బియ్యం, పప్పులు రేకు డబ్బాల్లో, ఎంగిలి గిన్నెలు రాత్రికి రాత్రి కడిగేసి, చెత్తబుట్టకి మూత. జనం మరిచిపోయేది దేవుడి గది. కొట్టిన కొబ్బరిచిప్ప, అటుకులు, నూనెలో నానిన వత్తి. వత్తిని లాక్కుపోవడం ఎలుకకి మహా ఇష్టం. దీపం కొండెక్కే దాకా చూసి కుందులు తుడిచి పెట్టుకోండి. వినాయకుడి వాహనమని మా అత్తయ్య పాపం భయపడుతుంది. వాహనాన్ని ఆయన బయట నిలుపుకుంటాడులెండి.

పెన్సిలు పట్టే కన్నం పెద్దదే

మామూలు పెన్సిలు తీసుకుని ఇల్లంతా తిరగండి. పెన్సిలు దూరితే చిట్టెలుక దూరుతుంది, ఆరు మిల్లీమీటర్లుంటే దానికి చాలు. బొటనవేలు దూరితే పెద్ద ఎలుక దూరుతుంది. మా ఇంట్లో నేను, మా అమ్మాయి కలిసి చూస్తే పదకొండు కన్నాలు తేలాయి. ముగ్గులో దారి కనబడ్డవి మూడే అయినా అన్నీ మూయాల్సిందే, మూడు మూస్తే నాలుగోది వెతుక్కుంటుంది.

ఎక్కడ చూడాలంటే సింకు గొట్టం, గ్యాసు పైపు, ఏసీ రాగి గొట్టం, కేబుల్ వైరు గోడలోంచి వచ్చే చోట్లు. స్నానాలగది తూము. కరెంటు మీటరు బోర్డు వెనక. తలుపుల అడుగు. పెంకుటిల్లయితే గోడకీ పెంకులకీ మధ్య సందు, ఇది అన్నిటికన్నా కష్టం. మా వాటిలో ఏసీ కన్నం నాకు బాగా కోపం తెప్పించింది. బిగించిన కుర్రాడు రెండంగుళాల గొట్టానికి నాలుగంగుళాల కన్నం కొట్టి, చుట్టూ థర్మాకోలు కుక్కి, తెల్లగా లప్పం పూసి పోయాడు. చూడ్డానికి గోడలాగే ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయింది.

దేంతో మూయాలన్నదే అసలు సంగతి. గుడ్డ, థర్మాకోలు, మైనం, స్ప్రే కొడితే పొంగే నురగ, ఇవన్నీ కొరికేస్తుంది. ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం దానికి సరదా కాదు, అవసరం. సిమెంటు మంచిదే, కానీ పచ్చిగా ఉన్న రాత్రే తవ్వేస్తుంది. నేను మొదటిసారి పెట్టిన సిమెంటు పొద్దునకి కుప్పగా కింద పడి ఉంది, మీద కాళ్ల గుర్తులతో సహా. రెండోసారి గిన్నెలు తోమే స్టీలు పీచు కన్నంలోకి బాగా కూరి, దాని మీద సిమెంటులో పగిలిన గాజుపెంకులు నలగ్గొట్టి కలిపి పెట్టాను. అది ఇప్పటికీ ఉంది. పీచు ఒక్కటే పెడితే తడికి తుప్పు పట్టి రాలిపోతుంది, అందుకే మీద సిమెంటు. గొట్టాల చుట్టూ సన్నసందులకి ఎం-సీల్ సరిపోతుంది. గాజు నలగ్గొట్టేటప్పుడు గోనెగుడ్డలో చుట్టి కొట్టండి, చేతికి గ్లౌజు వేసుకోండి.

తూములకి, వెంటిలేటర్లకి ఇనుప జాలి. దోమల నైలాన్ మెష్ ఒక్క పూటకి కూడా ఆగదు. జాలి కళ్లు పెన్సిలు దూరనంత ఉండాలి. తలుపు అడుగున అరచేయంత వెడల్పు రేకు కొట్టించండి, నేలకి ఆనీ ఆననట్టు. చెక్క తలుపు మూల కొరికి ఉంటే లోపలా బయటా రెండువైపులా రేకు. పెంకుల సందులకి మేం రెండేళ్లు తిప్పలు పడి, చివరికి గోడ మీద వరస ఇటుక పేర్చి పూత పెట్టించాం. ఖర్చే, కానీ ఆ తర్వాతే అటక మీద గోళీలాట ఆగింది.

ఒక జాగ్రత్త. లోపల ఎలుకలుండగా అన్నీ ఒక్కరోజులో మూసేసి ఊరుకోకండి. బయటికి దారిలేక లోపలే తలుపులు, వైర్లు కొరుకుతాయి. మూసిన రాత్రే బోన్లు కూడా పెట్టాలి.

బోను, అందులో బజ్జీ

ఎలుకల బోను అంటే మనకి తెలిసింది చెక్కపెట్టో, తీగల బుట్టో, లోపల కొక్కేనికి మిరపకాయ బజ్జీ. బజ్జీ మంచి ఎరే, వేడిగా కాదు, నూనె వాసన వస్తే చాలు. కాల్చిన ఎండుకొబ్బరి ముక్క ఇంకా మంచిది, గట్టిగా ఉంటుంది కాబట్టి లాగాల్సిందే. ఎండుచేప తల పెద్ద ఎలుకలకి. సినిమాల్లో లాగా జున్ను వెతుక్కోవద్దు.

చిట్టెలుకకి నా సొంత ఎర ఒకటుంది. వేరుశనగపప్పు, బెల్లం కలిపి నూరి, శనగగింజంత ముద్ద తీసుకుని, దాన్ని దూదితోనో నూలుదారంతోనో కొక్కేనికి గట్టిగా చుట్టి కట్టండి. ముద్దకి ఆశపడి రాకపోయినా గూడుకి దారం కావాలని వస్తుంది. ఊరికే పెడితే నాలుకతో నాకి పోతుంది, కట్టినదాన్ని లాగక తప్పదు. నా బాబిన్లలో దారాలు పీక్కుపోవడం చూశాకే ఈ ఆలోచన వచ్చింది.

ఎక్కడ పెట్టాలి? ముగ్గులో అడుగులు పడ్డచోట, గోడకి ఆనించి. తీగల బోను అయితే నోరు గోడ వారన ఉండాలి, దారిలో నడుస్తూ నడుస్తూ లోపలికి పోయేలా. టప్పున కొట్టే స్ప్రింగు బోను అయితే గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి. నేను మొదట ఒకే బోను కొని వంటింటి మధ్యలో పెట్టి పదిరోజులు చూశాను, మా ఆయన కాలే పడింది. తర్వాత ఆరు బోన్లు తెచ్చి ఒకే రాత్రి పెట్టాం. చిట్టెలుక గూటి నుంచి పది గజాలు దాటి పెద్దగా పోదు, అందుకని దూరదూరంగా కాదు, దారి వెంట రెండేసి గజాలకొకటి. మొదటి రాత్రి మూడు పడ్డాయి, రెండో రాత్రి రెండు, తర్వాత మూడు రోజులు ఖాళీ, ఆ తర్వాత ఒకటి. వారం పాటు ముగ్గు శుభ్రంగా ఉండేదాకా బోన్లు తీయలేదు.

పెద్ద ఎలుకలతో ఓపిక కావాలి. చిట్టెలుకకి కొత్త వస్తువంటే కుతూహలం, పెద్ద ఎలుకకి అనుమానం. బోను పెట్టి, ఎర పెట్టి, రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి వదిలేయండి. తిని వెళ్లనివ్వండి. భయం పోయాక అప్పుడు కట్టు విప్పండి.

పడ్డదాన్ని ఏంచేయాలన్నది ఎవరి మనసు వారిది. మా ఆయన తీగల బోనులో పడ్డవాటిని సైకిలు మీద కాలువగట్టు దాకా తీసుకెళ్లి వదిలేవారు. ఆ గట్టు పక్కన కూడా ఇళ్లున్నాయని నేనంటే, అవి మనకి తెలిసినవాళ్లవి కావనేవారు. నాకైతే ఒక్క దెబ్బతో పోయే స్ప్రింగు బోనే నయమనిపిస్తుంది. ఏదైనా సరే, పొద్దున్నే చూడండి. బోనులో పడ్డదాన్ని మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో మరిచిపోవడం పాపం.

జిగురు అట్టలు ఒకసారి వాడాను, ఇక చచ్చినా వాడను. రాత్రంతా బతికే ఉండి కీచుమంటూ ఉంది, పొద్దున అట్టతో సహా ఏంచేయాలో తెలియలేదు. చాలా రాష్ట్రాలు వాటిని నిషేధించాయి కూడా. ప్లగ్గులో పెట్టే శబ్దాల యంత్రం 1,200 పోసి కొన్నాను. వారం తర్వాత దాని పక్కనే పెంటికలున్నాయి. అమెరికాలో 2001లోనే వాళ్ల ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటివి తయారుచేసి అమ్మే 60కి పైగా సంస్థలకి, మీ మాటలకి రుజువేదని హెచ్చరికలు పంపిందట. మా అమ్మాయి అది వెతికి చదివి వినిపించింది, కొన్నాక. నాఫ్తలీన్ ఉండల వాసనకి తలనొప్పి నాకొచ్చింది గానీ వాటికి రాలేదు. పైగా చిన్నపిల్లలు బిళ్లలనుకుని నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

మందు గురించి కాస్త గట్టిగా చెబుతాను

ఇంట్లో ఎలుకల మందు వద్దు. నేను ఒక్కసారి పెట్టాను. ఎలుక కేకు తిని, మూడో రోజో నాలుగో రోజో అటక మీద దూలానికీ గోడకీ మధ్య పోయింది. వైశాఖమాసపు ఎండ. పన్నెండు రోజులు ఆ వాసన. కస్టమర్లు గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని బ్లౌజు కొలతలిచ్చారు.

వాసన చిన్న సంగతి. రంగురంగుల కేకుల్లో ఉండే బ్రొమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఆ కేకు కుక్క తిన్నా, పిల్ల తిన్నా అంతే. మందు తిన్న ఎలుకని పిల్లి తిన్నా ప్రమాదమే. ఇక ట్యూబుల్లో వచ్చే పసుపు భాస్వరం పేస్టు అన్నిటికన్నా ఘోరం. పొరపాటున లోపలికి పోతే ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే కనబడి, తర్వాత లివరు దెబ్బతింటుంది. దానికి విరుగుడు మందు లేదు. అలాంటిది ఇంట్లో అలమరలో ఉండకూడదు, టూత్‌పేస్టు పక్కన అసలే ఉండకూడదు. ధాన్యానికి పెట్టే గ్యాసు బిళ్లలు మనుషులున్న ఇంట్లో ఒక్కటి కూడా పెట్టొద్దు. తడి తగిలితే వచ్చే ఆ విషవాయువు పక్కగదిలో నిద్రపోతున్నవాళ్ల ప్రాణం తీస్తుంది.

ఎవరైనా ఏ ఎలుకల మందైనా మింగారని అనుమానం వస్తే, బాగానే ఉన్నాడు కదా అని చూస్తూ కూర్చోకండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మందు ప్యాకెట్టు చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి, లేదా 108కి ఫోను.

పెరట్లో పందికొక్కులు మరీ ఎక్కువై మందు తప్పదనుకుంటే, అది తెలిసినవాళ్ల చేత, తాళం వేసే ఎర డబ్బాల్లో పెట్టించుకోండి. పకోడీలో కలిపి గోడ పక్కన విసిరేయడం మాత్రం వద్దు. మా వీధిలో ఒక కుక్క అలాగే పోయింది.

తుడిచేటప్పుడు

ఎలుకల్ని వదిలించాక పెంటికలు చీపురుతో ఊడ్చేస్తారు అందరూ. దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. ముందు కిటికీలు తెరిచి అరగంట ఆగండి. చేతికి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ. ఒక వంతు బ్లీచింగు ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికల మీద, గూడు మీద బాగా తడిసేలా చల్లి, అయిదు నిమిషాలు నానాక పాత పేపరుతో ఎత్తి కవరులో కట్టి పారేయండి. ఆ బ్లీచింగులో బాత్రూము యాసిడ్ కలపకండి, వచ్చే గ్యాసు మనల్ని పడేస్తుంది.

వానాకాలంలో ఇంకో భయం ఉంది. ఎలుక మూత్రం కలిసిన నిలవనీళ్లలో కాలి పుండుతోనో, పగిలిన మడమలతోనో నడిస్తే ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, రావచ్చు. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం, ముదిరితే కామెర్లు. అలా ఉంటే డాక్టరుతో మా ఇంట్లో ఎలుకలున్నాయని చెప్పండి. సిగ్గుపడి చెప్పకపోతే వాళ్లు ఇంకేదో జ్వరమనుకుంటారు. ఎలుక కరిచినా సబ్బుతో కడుక్కుని చూపించుకోవాల్సిందే.

గడప బయట

గోడకి ఆనించి కొబ్బరిమట్టలు, కట్టెలు, పాత పెంకులు పేర్చి ఉంటే అవి ఎలుకలకి లాడ్జి. గోడకి మూరెడు దూరంగా, ఇటుకల మీద ఎత్తుగా పెట్టుకోండి. కప్పు మీదికి వాలిన జామకొమ్మ, కరివేపాకు కొమ్మ నరికేయండి, పెద్ద ఎలుకకి అదే నిచ్చెన. స్కూటీ పది రోజులు తీయకపోతే సీటు ఎత్తి చూడండి. మా తోటికోడలి బండిలో ఎలుకలు వైర్లు కొరికి, ఎయిర్ ఫిల్టరులో గూడు పెట్టాయి, ఆవిడ మెకానిక్కుకి 1,900 సమర్పించుకుంది.

ఎలుకలున్న చోటికి వాటి వెనకే పాము వస్తుంది. పెరట్లో పొడుగ్గా పసుపు కలిసిన గోధుమరంగులో పోయేది చాలాసార్లు జెర్రిపోతు, దానికి విషం లేదు, ఎలుకల్ని అది తినేంతగా మన బోన్లు పట్టలేవు. కానీ నాగుపాము, రక్తపింజర కూడా అదే తిండి కోసం వస్తాయి. గుర్తుపట్టగలనన్న ధీమాతో దగ్గరికి పోకండి, రాత్రిపూట పెరట్లోకి లైటు లేకుండా దిగకండి.

పిల్లిని పెంచుకోమని అందరూ సలహా ఇస్తారు. మేమూ పెంచాం. మంచి పిల్లి. పాలు తాగి నా గుడ్డల బుట్టలోనే నిద్రపోయేది, చిట్టెలుక దాని ముందునుంచే పోయేది. కొన్ని పిల్లులు పడతాయి, మాది పట్టలేదు.

ఇప్పుడు నెలకోసారి, అమావాస్య మర్నాడని ఒక గుర్తు పెట్టుకుని, ముగ్గు చల్లుతాను. కోతల రోజుల్లో వారానికోసారి. మొన్న జనవరిలో ఒక అడుగుల వరస కనబడింది, స్నానాలగది జాలి ఒక మూల ఊడి ఉంది. ఆ రాత్రే రెండు బోన్లు పెట్టాం, పొద్దునకి ఒకటి పడింది, జాలికి కొత్త మేకులు కొట్టాం.

ఆ చీరావిడ ఈ మధ్య మళ్లీ వచ్చింది, చిన్నమ్మాయి పెళ్లికి మూడు పట్టుచీరలతో. ఫాల్ రేటు అడగలేదు, ఎప్పుడిస్తావనీ అడగలేదు. రాత్రి ఎక్కడ పెడతావని అడిగింది. ట్రంకుపెట్టె చూపించాను. మూత వేసి తాళం తిప్పేదాకా అక్కడే నిలబడి, తాళం ఒకసారి తనే లాగి చూసుకుని వెళ్లింది.